టీవీ ముందు వేసిన ఆకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దల అమావాస్యకు ఆకు టీవీ ముందర వేసేవాళ్లు. తిరుపతిలో మా వీధిలో మిగతా అందరూ పోయినవాళ్ల ఫోటో ముందర వేసేవాళ్లు. మా తాతకు ఫోటో లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని ఆయన నమ్మకం. ఆయన రూపం మిగిలింది ఒకే ఒక్క చోట, మా చిన్నాయన పెళ్లి వీడియో క్యాసెట్టులో. అదీ రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలూ నాకు కంఠతా వచ్చనే అనుకుంటాను. భోజనాల పందిట్లో తాత ఎడమ పక్క నుంచి వస్తాడు. భుజం మీద నుంచి జారుతున్న తువ్వాలు సర్దుకుంటాడు. కెమెరా లైటు మొహాన పడగానే చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆ లైటు అవతల పెట్టప్పా. నన్నేం తీస్తావు? ఆకులో కూడు పడనోళ్లు ఆడ కూచోనుండారు, వాళ్లను సూడు" అంటాడు. తర్వాత తువ్వాలుతో మొహం కప్పుకుని నవ్వుతాడు. అంతే. ఆ పెళ్లయిన ఏడాదికే ఆయన పోయాడు.

అమావాస్య మధ్యాహ్నం మా అవ్వ టీవీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందర కొత్త పంచె ఉంచి, ఆకులో వడలూ పాయసమూ వడ్డించేది. "వేయరా అబ్బోడా" అనగానే నేను క్యాసెట్టు వేసేవాణ్ణి. తెర మీద తాత ఆ మాట అన్నాక అవ్వ ఆయనకు జవాబు చెప్పేది. "అందరికీ వడ్డించినాంలే. నీ ఆకు ఈడుండాది, తిను." ఆ తర్వాతే మాకు అన్నం.

ఆ క్యాసెట్టు చిన్న రకం. చిన్నాయన కువైట్ నుంచి తెచ్చిన మిషన్‌లో ఆ చిన్నవే పట్టేవి. నాకు పదకొండేళ్లు వచ్చేసరికి ఊరంతా పెద్ద క్యాసెట్లకు మారిపోయింది. బస్టాండు దగ్గర క్యాసెట్లు అద్దెకిచ్చే అంగట్లో చిన్నవి పెట్టే అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. స్కూల్లో మా మిషన్‌ను అగ్గిపెట్టె మిషన్ అని ఎగతాళి చేసేవాళ్లు. కొత్త సినిమా చూడాలంటే నేను ఇంకొకరి ఇంటి గడప దగ్గర నిలబడాల్సి వచ్చేది. అది నాకు భరించలేని అవమానంగా ఉండేది.

మా నాయన ఒక లాడ్జిలో గుమాస్తా. చొక్కా గుడ్డ కొనడానికి కూడా వారం ఆలోచించే మనిషి. ఆ క్యాసెట్ల అంగడాయన, పాత మిషన్ ఇస్తే కొత్తది ఎక్స్ఛేంజిలో ఇస్తానన్నాడు. అయితే పాతది అప్పటికప్పుడే ఇచ్చేయాలి, శనివారంతో సరి. నాయన రోజూ సాయంత్రం ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, "ఇప్పుడు పెద్దది తెస్తాం, సరే. రేపు దాన్ని గూడా కాదని ఇంకోటొస్తే?" అనేవాడు. మా అమ్మ వంటింట్లో నుంచే, "అయితే రేడియో ఇనుకుంటా కూచో. అది మారేది లేదు" అనేది. నిజానికి ఆయన భయమంతా ఒక్కటే. తాత ఏమవుతాడు?

అందుకే శుక్రవారం నన్ను వీధి చివర టీవీలు బాగుచేసే భాయ్ దగ్గరకు పంపాడు. నాయనకు ఆయన మీద ఎంత గురి అంటే, ఇంట్లో బల్బు మాడినా ఆయన్నే అడిగేవాడు. చిన్న క్యాసెట్టులో ఉన్నది పెద్ద క్యాసెట్టులోకి ఎక్కించవచ్చా అని నేను అడగాలి. భాయ్ చేతిలో పని ఆపి, నా వైపు తిరిగి నిదానంగా చెప్పాడు. "ఎక్కించొచ్చు. కానీ రెండు మిషన్లూ పక్కపక్కన ఉండాల. కొత్తది తెచ్చినాక పాతది రెండు దినాలు నా దగ్గర పెట్టమను. ముందే ఇచ్చేస్తే నేనేం చేయలేను. ఈ మాట మరిసేవు, మీ నాయనకు గట్టిగా చెప్పు."

నేను మరవలేదు. ఈ సంగతి ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. దారి పొడుగునా ఆ మాట నా నోట్లోనే ఉంది. పూర్తిగా చెబితే నాయన ఇంకో వారం ఆలోచిస్తాడు, శనివారం దాటిపోతుంది. ఇంటికి వచ్చి, "ఎక్కించొచ్చంట నాయనా" అన్నాను. అంతవరకే అన్నాను.

మరునాడు కొత్త మిషన్ వచ్చింది. నా సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు నాయన క్యాసెట్టు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని భాయ్ దగ్గరకు వెళ్లాడు.

"పాత మిషన్ యాడన్నా?" అన్నాడు భాయ్.

"ఇచ్చేస్తిమి గదా. ఎక్కించొచ్చని నువ్వు చెప్పి పంపినావనే."

భాయ్ నా మొహం చూశాడు. ఆయన కళ్లు దించుకుని, "నేను సరిగా చెప్పలేదన్నా. పిల్లోడితో కబురు పంపకుండా నేనే వచ్చి ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాడు. నాయన క్యాసెట్టు తీసుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు నుంచి భాయ్ అంగడి ముందు నుంచి పోవడం మానేసి చుట్టుదారిన పోయేవాడు.

మా పాత మిషన్ పలమనేరు ఆయనెవరో తీసుకుపోయాడని తెలిసి నాయన అక్కడిదాకా వెళ్లాడు. ఆయన దాన్ని సామాన్ల కోసం అప్పటికే విప్పేశాడు. ఊళ్లో చిన్న మిషన్ ఉన్నవాళ్లందరూ మాలాగే మార్చేసుకున్నారు. మిగిలిన ఒకే ఒక్కటీ టేపును నమిలేస్తోంది. అందులో తాతను పెట్టడానికి నాయనకు చేతులు రాలేదు. అమావాస్య ముంచుకొస్తోంది. అవ్వకు ఎవరూ చెప్పలేదు. నాకు ముద్ద దిగేది కాదు. జ్వరం వచ్చిందేమోనని అమ్మ రోజూ నుదురు పట్టి చూసేది.

ఆ రోజు రానే వచ్చింది. అవ్వ టీవీకి బొట్టు పెట్టింది. ఆకు వడ్డించింది. క్యాసెట్టు నా చేతికిచ్చి, "వేయరా అబ్బోడా" అంది. నేను దాన్ని పట్టుకుని నిలబడిపోయాను. నాయన, "ఇది ఇందులో పట్టదమ్మా. ఆ భాయ్ మాట నమ్మి మోసపోయినాం" అన్నాడు.

"భాయ్ చెప్పినాడు నాయనా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "పాతది ఇయ్యొద్దని చెప్పినాడు. నేనే నీకు చెప్పలేదు."

నాయన నన్ను కొట్టలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అవ్వ ఆకు ముందర కూర్చుంది. "అన్నం సల్లారిపోతాండాది. ఇన్నేండ్ల నుంచి సూస్తాండావు గదా, మీ తాత ఏం చేస్తాడో నువ్వే చెప్పు" అంది.

నేను ఏడుస్తూనే చెప్పాను. ఎడమ పక్క నుంచి వచ్చాడని, తువ్వాలు సర్దుకున్నాడని, లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడని. ఆకులో కూడు పడనోళ్లను చూడమన్నాడని చెప్పగానే అవ్వ, నన్ను కాదు, ఆ నల్లటి తెరను చూస్తూ అంది. "అందరికీ వడ్డించినాంలే. నీ ఆకు ఈడుండాది, తిను."

అప్పుడే నాయన తిరిగొచ్చాడు. వెనకే భాయ్ ఉన్నాడు. ఆ రోజు ఆయన మాతోపాటే కూర్చుని తిన్నాడు.

మరుసటి ఏడాది అమావాస్యకు ముందే భాయ్ మద్రాసు నుంచి ఒక పాత చిన్న మిషన్ సంపాదించుకొచ్చాడు. క్యాసెట్టు ఏడాదిగా అవ్వ దేవుడి గూట్లో ఉంది. తాత ఇక దాంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆమె రోజూ దానికే బొట్టు పెట్టి, హారతి ఇస్తూ వచ్చింది. భాయ్ దాని మూత ఎత్తి చూశాడు. టేపు మీద కుంకుమ, కర్పూరం మసి అంటుకుని గట్టిపడి ఉన్నాయి. ఆయన మూత మూసేసి, ఎర్రబడిన వేలు లుంగీకి తుడుచుకుని, "మిషన్ బాగలేదవ్వా. క్యాసెట్టుకేం కాలేదు" అన్నాడు.

ఆయన కూడా నిజం దాచాడు. కానీ ఆయన దాచింది అవ్వ కోసం. నేను దాచింది నా కోసం. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు పెద్ద వయసు రావాల్సి వచ్చింది.

"పోనీలే, మా అబ్బోడు చెప్తాడు" అంది అవ్వ. ఆమె ఉన్నన్నాళ్లూ నేనే చెప్పాను.

ఇప్పుడు ఎవరు నాతో కబురు పంపినా, చివరి మాట దాకా అప్పజెప్పందే నాకు నిద్ర పట్టదు. మా పిల్లలు నవ్వుతారు. అవ్వకు ఫోటో ఉంది. అమావాస్యకు ఆ ఫోటో ముందరే ఆకు వేస్తాం, పక్కన క్యాసెట్టు పెడతాం. నేను నిలబడి తాత సంగతి చెప్తాను. చెప్పగా చెప్పగా, ఆయన ఎడమ పక్క నుంచి వచ్చాడో, కుడి పక్క నుంచి వచ్చాడో నాకే అనుమానం వస్తోంది. సరిచూసుకోవడానికి నేను ఏమీ మిగల్చలేదు. ఆకులో కూడు పడనోళ్ల మాట దగ్గరకు రాగానే ఒక క్షణం ఆగుతాను. జవాబు చెప్పడానికి అవ్వ లేదు. ఇప్పుడు ఆ జవాబు కూడా నేనే చెప్తున్నాను.