అనుమానాలాయనా, గోధుమరంగు గుర్రమూ

గుర్రపుశాలలో ఆయన్ని అందరూ అనుమానాలాయన అనేవారు, ఎదురుగా మాత్రం కాదు. ముప్పయ్యేళ్ళుగా గుర్రాలకు మాలీషు చేస్తూ, కొత్తవాటిని తాడుకు మచ్చిక చేస్తూ వచ్చిన మనిషి. వేసిన తాళాన్ని ముమ్మారు లాగి చూస్తాడు. దాణా గది, జీన్ల గది, మందుల బీరువా, అన్నింటి తాళంచెవులూ ఒకే గుత్తిగా ఆయన మొలకే వేలాడుతుండేవి. భార్య ఇచ్చిన కాఫీని కూడా వాసన చూసి గాని తాగడు.

"మిమ్మల్ని చంపాలనుంటే ఇన్నేళ్ళు ఆగుతానా?" అనేదావిడ.

ఆ ఏడు వానలు వెనకబట్టాక యజమాని ఒక రెండేళ్ళ ఆడగుర్రాన్ని లారీలో తెప్పించాడు. గోధుమ రంగు, బెదురు కళ్ళు.

"మనిషి చెయ్యి తగలని పిల్ల. తాడంటే ఏంటో తెలీదు, జాగ్రత్త" అని అప్పగించాడు.

అనుమానాలాయన తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. కంచె లోపల బకెట్టు బోర్లించి, గుర్రానికి వీపు పెట్టి గంటలకొద్దీ కూర్చునేవాడు. ఏ గుర్రమైనా నాలుగో రోజుకు ఉండబట్టలేక వచ్చి వాసన చూస్తుంది. ఇది రాలేదు. ఆయన గేటు దగ్గరికి రావడమే తడవు, చెవులు వెనక్కి విరిచి అటు మూలకు పరుగెత్తేది. దీన్నెవరో కొడుతున్నారు అనుకున్నాడు. ఎవరు? నీళ్ళు పెట్టేది బావమరిది ఒక్కడే.

ఆ మాట ఇంట్లో అనేసరికి భార్య గరిట పక్కన పడేసింది.

"మా తమ్ముడా? చీమను కూడా ఊది పక్కకు పంపే రకం వాడు!"

"గుర్రం దగ్గర ఎవడెలా ఉంటాడో నీకేం తెలుసు?"

రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. శాలలో నిలదీస్తే బావమరిది ఏదో చెప్పబోయాడు. "నోర్మూసుకో" అన్నాడాయన.

మూడోనాడు మధ్యాహ్నం దాణా గదిలో బస్తాల వెనక నక్కాడు. చప్పుడు కాకుండా గుత్తిని పిడికిట్లో బిగించాడు. బావమరిది బకెట్టు తెచ్చి పెట్టాడు. గుర్రం మూల వదిలి వచ్చి, అతనికి జానెడు దూరంలో తల వంచి నీళ్ళు తాగింది. అతను దాన్ని తాకను కూడా తాకలేదు.

ఏదో తినిపించి మరిగించాడు వెధవ, అనుకుంటూ ఆయన విసురుగా బయటికొచ్చాడు. గుత్తి గలగలమంది. గుర్రం బకెట్టును తన్నేసి వెళ్ళి కంచెకు గుద్దుకుంది.

"బావా, అక్కడే ఆగు!" అన్నాడు బావమరిది. "చెబుదామంటే నోర్మూసుకోమన్నావు. నీ మొలకున్న ఆ గుత్తే! లారీ తలుపు గొలుసులు దారిపొడుగునా దాని చెవి పక్కనే మోగుంటాయి. నువ్వు కనబడకముందే వణికిపోతోంది."

ఆయన తన మొలవైపు చూసుకున్నాడు. గుత్తి విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి బావమరిది చేతిలోనే పెట్టాడు.

"నాదే పొరపాటురా. అక్కకు చెప్పు, నేనన్నానని."

"నువ్వే చెప్పు బావా. నేను చెబితే నమ్మదు."

మర్నాడు మళ్ళీ బోర్లించిన బకెట్టు. దాణా గదికి తాళం పడిందో లేదోనని ప్రాణం కొట్టుకునేది, అయినా లేచేవాడు కాదు. గుర్రం ఒక్కో అడుగే దగ్గరైంది. పదకొండో రోజు మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. తర్వాత చొక్కా కాలరు పట్టి లాగింది. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా ఆయన కదల్లేదు.

నెల తిరిగేసరికి మెడ నిమరనిచ్చింది, తలకు తాడు వేయనిచ్చింది, ముందుకాళ్ళ గిట్టలు శుభ్రం చేయనిచ్చింది. వెనక కాళ్ళవైపు చెయ్యి పోతే మాత్రం తోక విదిలించేది.

"దానికింకా అనుమానమే" అని నవ్వాడు బావమరిది.

"ఉండనీ, తొందరేముంది" అంటూ ఆయన చెయ్యి తీసేసి, మళ్ళీ మెడ దగ్గరికే వెళ్ళాడు.