మే నెలలో శాలువా

నిన్న సలాబత్‌పురా చీరల బజారులో ఒక దుకాణంలో చీర అందిస్తుంటే అమ్మే ఆమె వేళ్లు నా చేతికి తగిలాయి. బయట మే నెల ఎండ, లోపల ఫ్యాను వేడిగాలి విసురుతోంది. ఆ వేళ్లు మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. ఆమె భుజాల మీద శాలువా ఉంది. రాజవ్వ పెద్దమ్మ గుర్తొచ్చింది.

మేముండే ఉన్ పేటలో మా పక్క గదిలో ఉంటూ, ఊళ్ల నుంచి వలసొచ్చి మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లకు అన్నం వండిపెట్టేది. ఆమె పిలిస్తే వీధి చివరిదాకా వినపడేది. నా మాట పక్కవాళ్లకే వినపడదు. "నీ మాట నీ నోట్లెనే ఉంటదేందే? జర బయటికి తోలు," అనేది. నేను చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకునేదాన్ని.

పెద్దమ్మ మెడ మీద పాత ఆపరేషన్ మచ్చ ఉండేది. థైరాయిడ్ గ్రంథి తీసేశారు కాబట్టి రోజూ పరగడుపున మాత్ర వేసుకుని, గంటదాకా ఏమీ ముట్టకూడదు. తెల్లారకముందే పొయ్యి ముట్టించి ఉప్పూకారం చూసే మనిషికి పరగడుపు ఎక్కడిది? "కూర నాకినంక గోలీ ఏస్కుంటె పన్జెయ్యదట. రేపు ఏస్కుంట తియ్," అనేది. అట్లా నెలలు గడిచాయి.

ఆ వేసవిలో ఆమె శాలువా కప్పుకుంది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. గరిటె చేతిలో ఉండగానే కునుకు తీసేది. "పెద్దమ్మకు బద్ధకం వట్టింది," అని అన్నానికొచ్చేవాళ్లు నవ్వారు. నేను అన్నీ రాసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, దగ్గుతో పడుకున్న పెద్దమ్మ ఎంత లేపినా లేవలేదు. ఒళ్లంతా చల్లబడింది. వేడినీళ్ల సంచులు నేనే ఆమె పక్కన సర్దాను. అట్లాగే ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ ఉన్నది తెలుగు డాక్టరమ్మే. "ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని అడిగింది.

"నిన్నటి దాంక మంచిగనే ఉండె," అన్నాడు వెంట వచ్చిన పెదనాన్న.

సంచిలోంచి డైరీ తీశాను.

"గట్టిగా చదువమ్మా," అంది డాక్టరమ్మ.

శాలువా, గొంతు, కునుకు, మానేసిన మాత్ర, అన్నీ చదివాను. డాక్టరమ్మ పెద్దమ్మ మెడ మీది మచ్చను వేలితో తడిమింది. "ఒంట్లో థైరాయిడ్ పూర్తిగా అడుగంటింది. ప్రాణం మీదికొచ్చింది. రిపోర్టులు వచ్చేదాకా ఆగలేం," అంది. రక్తం తీయించి, ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ వెనకే ముక్కు గొట్టంలోంచి థైరాయిడ్ మందు ఇప్పించింది. దగ్గుకు యాంటీబయాటిక్ ఎక్కించారు. ఊపిరి మందగిస్తుంటే యంత్రం పెట్టారు. "ఈ సంచులు ఎవరు పెట్టారు? తీసేయండి. ఒక్కసారిగా వేడిచేస్తే బీపీ పడిపోతుంది. దుప్పటి చాలు."

వాటిని నేనే తీసేశాను.

నాలుగో రోజు యంత్రం తీశారు. పెద్దమ్మ నా వైపు తిరిగింది. "డాక్టరమ్మ ముంగట మస్తు మాట్లాడినవట. నాకు సోయి ఉన్నప్పుడు ఒక్కనాడన్న మాట్లాడినవానే?"

ఇంటికొచ్చాక లేవగానే మాత్ర మింగేది. ఆ గంటసేపు కూర రుచి చూసే పని నాది. "ఉప్పు సరిపోయిందా? ఇనవడ్తలేదు, గట్టిగ చెప్పు," అని కావాలనే దూరంగా వెళ్లి అడిగేది. నిరుడు ఊరికి వెళ్లిపోయేదాకా రోజూ అంతే.

నిన్న దుకాణంలో చీర పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అడిగితే ఆమె కోప్పడుతుందేమో, నవ్వుతుందేమో అనుకున్నాను. చివరికి, "ఇంత ఎండలో చలేస్తోందా? డాక్టరుకు చూపించుకున్నారా?" అని హిందీలో అడిగాను.

ఆమెకు వినపడలేదు. మళ్లీ, గట్టిగా అడిగాను.