పోర్టు పక్కన పచ్చచుక్క

భూగోళాన్ని కాపాడబోయి, దేశదేశాల జనాన్ని ఒక్క పాలిథిన్ కవరుతో బోల్తా కొట్టించిన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? తగలకపోతే కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పట్లో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి విశాఖ వచ్చి, పోర్టు దగ్గర ఒక కాలనీలో కాపురం పెట్టాం. గోడ అవతల ఎవరిదో ప్రైవేటు బొగ్గు యార్డు. పొద్దున తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి లాయరు కోటు చేతికొచ్చేది. ఎదురింటి అప్పలరాజు చిన్నకూతురికి ఆ దుమ్ముతో ఒకటే దగ్గు. బొగ్గుకుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పించమని అతను తిరగని ఆఫీసు లేదు. అందరిదీ ఒకటే మాట: "రుజువేదీ?"

ఆ రుజువు నేను తెస్తానన్నాను. (మీరు నన్ను ఆపాల్సింది ఇక్కడే.) ప్రపంచమంతటా జనం ఇళ్ళకు చిన్న మిషన్లు తగిలించుకుని, గాలిలో దుమ్మెంతో కొలిచి, ఒకే మ్యాపులో అందరికీ చూపించే బృందం ఒకటుంది. దుమ్ముంటే మీ ఇంటి మీద ఎర్రచుక్క, లేకపోతే పచ్చచుక్క. అందులో చేరాను. మిషన్ రాగానే పసుపు రాసి, బొట్టు పెట్టి, బాల్కనీలో తగిలించాను. తెల్లగా ముద్దొస్తోంది. అంత ఖరీదైన వస్తువు బొగ్గుపాలవుతుంటే మధ్యతరగతి ప్రాణం ఊరుకుంటుందా? టీవీ రిమోటుకు వేసినట్టే దానికీ కవరు తొడిగి, రబ్బరుబ్యాండు బిగించాను.

"ఏవండీ, ఇదేం చేస్తుంది?" అంది మా ఆవిడ.

"గాలిలో దుమ్ము కొలుస్తుంది."

"మరి కవరులోకి దుమ్మెలా వెళ్తుందండీ?"

"నీకు టెక్నాలజీ తెలీదులే."

రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను రోటికే మూతపెట్టి దంచమన్నాను.

మర్నాడు మ్యాపు చూస్తే ఊరంతా ఆటలమ్మ పోసినట్టు ఎర్రచుక్కలు, మధ్యలో మా ఇల్లొక్కటే పచ్చగా! గ్రూపులో నార్వే ఆయనెవరో "మీ చుట్టూ అడవి ఉందా?" అని అడిగాడు. "తులసికోట ఉంది" అని గర్వంగా జవాబిచ్చాను. ఆయన విత్తనాలు పంపమన్నాడు. ఆదివారం పెందుర్తి నుంచి ఒక కుటుంబం టిఫిన్ డబ్బాలతో మా బాల్కనీలో గాలి పీల్చుకోవడానికి దిగింది. నిజం చెప్పొద్దూ, నాకే ఆ గాలి తియ్యగా అనిపించడం మొదలైంది.

ఇంతలో అప్పలరాజు అర్జీ మీద విచారణకు అధికారి వచ్చాడు. యార్డు మేనేజరు ఫోను తీసి మా చుక్క చూపించాడు. "కుప్పకు అన్నిటికన్నా దగ్గరిల్లు ఇదే సార్. గాలి చూడండి, ఊటీ!"

అప్పలరాజు మొహం పాలిపోయింది. నా వైపు తిరిగాడు. "ఏటి బావా ఇది? నీ ఇంటికాడ ఊటీ అయితే, ఎదురింట్లో నా పిల్ల ఎందుకు దగ్గుతంది? నాను నీకేటి అన్యాయం సేసినాను?"

అతని కళ్ళలో నీళ్ళు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందు ఆ మిషన్ చూద్దాం పదండి" అన్నాడు అధికారి. బాల్కనీలోకి వచ్చి అటూ ఇటూ వెతికాడు. "మిషనేదీ? ఆ నల్లమూటేంటి?"

"అదేనండీ మిషన్. దుమ్ము పట్టకుండా కవరు వేశాను."

అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. నాలాంటివాడు ఆయన సర్వీసులో తగిలినట్టు లేదు. తర్వాత కవరు మీద వేలితో గీత గీశాడు. వేలు కాటుక భరిణెలో ముంచినట్టయింది.

"ఇది ఎప్పటి దుమ్ము?"

"నిన్ననే కడిగానండీ" అంది మా ఆవిడ.

ఆ ముక్కతో మేనేజరు ఫోను జేబులో దాచేశాడు. పట్టా కప్పాల్సిందేనని అధికారి అక్కడికక్కడే చెప్పేశాడు.

"అంత కుప్పకు పట్టా ఎవరు కప్పుతారు సార్?" అని గొణిగాడు మేనేజరు.

అప్పలరాజు కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యేశాడు. "మా బావ ఉన్నాడు కద సార్! గాలి కొలిసే మిషన్‌కే గాలి తగల్నీలేదు, బొగ్గు ఓ లెక్కా?"

కావున సమస్త జనులారా, వాయుదేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఊపిరి పీల్చి బతికే ఏ వస్తువు మూతీ ఈ జన్మలో ఇక కట్టను, అది ఎంత ఖరీదైనదైనా సరే.