సిద్ధరాజ్ కడుపు మండాలని

"గొంతు చించుకోవద్దక్కా. నెలనెలా దుడ్డు నువ్వు కట్టు, అమ్మేది నేను అమ్ముకుంటాను. బాగుండాది కదా ఈ ఏర్పాటు!"

"సిగ్గు లేదా రా నీకు? ఊరికే వచ్చేదాన్ని నాలుగు వేలకు అమ్ముతావా?"

"నీ అబ్బ సొత్తా అది? ఎవరైనా తీసుకోవచ్చని రాసినవాళ్ళే చెప్పినారు. చదువుకో పో."

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక సందులోకి తిరుగుతుండగానే వసంత్‌కు ఈ మాటలు వినబడ్డాయి. మగగొంతు కంప్యూటర్ సామాన్లు అమ్మే సిద్ధరాజ్‌ది. ఆడగొంతు వసంత్ మేనత్త కమలవేణిది. ఎదురెదురు అంగళ్లు. ఇద్దరి ఇళ్ళలోనూ మాట తెలుగు, రాత తమిళం. వ్యాపారం తమిళంలో, తిట్లు తెలుగులో సాగుతాయి.

కమలవేణి పుట్టింది కడత్తూరులో. మొగుడు రాజ్‌మోహన్ పోయాక అతని శుభలేఖల ప్రెస్సును ఒంటిచేత్తో నిలబెట్టింది. ఆరేళ్ళ కిందట సిద్ధరాజ్ శుభలేఖలు తయారుచేసే అసలు సాఫ్ట్‌వేర్ అని చెప్పి ఆమెకు దొంగ కాపీ అంటగట్టాడు. సరిగ్గా ఆవణి నెల పెళ్ళి ముహూర్తాల ముందు అది మొరాయించింది. పద్నాలుగు పెళ్ళిళ్ళ పని అందులోనే ఇరుక్కుపోయింది. ఆమె పరుగున వెళితే అతను తలెత్తి చూడలేదు. చెప్పుల దగ్గర నిలబెట్టి, బాగుచేయడానికి రెండింతలు అడిగాడు. పైగా నలుగురి ముందు, "ఆడదానికి కంప్యూటర్ ఎందుకక్కా? పోయి అప్పడాలు ఒత్తుకో" అన్నాడు.

ఆమె ఏడవలేదు. పద్నాలుగు ఇళ్ళకూ నడిచి వెళ్ళి అడ్వాన్సులు తిరిగిచ్చింది. సేలంలో కాలేజీ వదిలేసి ఇంట్లో పడి ఉన్న వసంత్‌ను పిలిచి ఒకటే అడిగింది: "వాని గడప తొక్కకుండా ఈ పని జరిగే దారి ఉండాదా రా?"

ఉంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కలిసి రాసి, అందరికీ ఉచితంగా వదిలేసిన, అదే పని చేసే ప్రోగ్రామ్ ఒకటి వసంత్ పెట్టి ఇచ్చాడు. నెల తిరిగేసరికి ఆమె చెయ్యి దానిమీద పరుగెత్తింది.

"ఊరికే ఇస్తే వాళ్ళకు కూడు ఎట్లా రా?"

"వాడుకునేవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు చందా ఇస్తారు అత్తా. ఎవరూ ఇయ్యకపోతే ఏదో ఒకరోజు ఆ పని మానుకుంటారు."

"మానుకుంటే నేను మళ్ళా వాని చెప్పుల కాడ నిలబడాల!"

అప్పటినుంచి ఒక్క నెల తప్పలేదు. ప్రతి అమావాస్యకూ అంగడి ముందు బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి, సిద్ధరాజ్ గుమ్మం వైపు చూస్తూ పగలగొడుతుంది. చేతులు కడుక్కొని వచ్చి వెంటనే ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళకు ఐదు వందలు పంపిస్తుంది. దాతలు ఏదైనా రాయవచ్చని ఆ డబ్బు కట్టే పేజీలో ఒక గడి ఉంటుంది. అందులో ప్రతిసారీ వసంత్ చేత తమిళంలో "సిద్ధరాజ్ కడుపు మండాలి" అని రాయిస్తుంది. అర్థం కాని ఆ మహానుభావులు దాన్ని దాతల పేజీలో పెట్టి, పక్కన ఎర్ర గుండె బొమ్మ అతికిస్తారు.

"ఇది దానమా అత్తా, చేతబడా?" అని వసంత్ ఒకసారి అడిగాడు.

"పోయేది నా దుడ్డే కదా. నీకెందుకు?"

ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌నే సిద్ధరాజ్ తాను రాయించానని చెప్పి హరూర్, కడత్తూరు ప్రెస్సులకు అమ్ముకుంటున్నాడు. హరూర్ నుంచి శుభలేఖల కోసం వచ్చిన, అక్కడి ప్రెస్సులన్నీ తెలిసిన పెరుమాయి అనే ఆవిడ నోట ఈ సంగతి విని, కమలవేణి రోడ్డెక్కింది.

వసంత్ ఆమెను లోపలికి లాక్కొచ్చాడు. "ఇంక కట్టొద్దు అత్తా. నీ దుడ్డుతో వాడు మేస్తా ఉండాడు."

"ఆపేస్తే? రేపు ఇది చెడిపోతే నేనెవరి కాడికి పోవాల?" ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. ఎదుటి అంగడి వైపు వేలు చూపింది. "వాడు చెప్పింది నిజమా రా? ఎవరైనా తీసుకోవచ్చా?"

"నిజమే. తీసుకోవచ్చు, ఎవరికైనా ఇయ్యొచ్చు."

"ఎవరికైనా?"

"ఎవరికైనా."

కమలవేణి పెరుమాయికి ఫోన్ చేసి, సిద్ధరాజ్ ఎవరెవరికి అమ్మాడో అడిగింది. ఒక పాత శుభలేఖ వెనక తమిళంలో పదకొండు అంగళ్ల పేర్లు రాసుకుంది. దాన్ని వసంత్ చొక్కా జేబులో కుక్కింది.

"హరూర్ బస్సెక్కు నాయనా. వాడు అమ్మిన ప్రతి అంగడికీ పో. ఇది ఊరికే వచ్చేదని చూపించు, తెలియనివాళ్ళకు నేర్పించు, ఎవరి కాడా టీ నీళ్ళు కూడా తాగొద్దు. వాళ్ళంతా కలిసి దుడ్డు వాపసు అడిగేదానికి వీని కాడికి బయలుదేరే దినం మాత్రం నాకు ముందే చెప్పు రా. ఆ దినం నేను అంగడి మూసి, గుమ్మంలో కూర్చొని చూడాల."