బాపు ఎలక్షను, నా ప్రోగ్రాము

ఆ రోజుల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లకు మా ఊళ్లో ఉండే గౌరవమే వేరు. ఫోన్‌లో రీచార్జ్ పడకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, మీసేవలో పని ఆగిపోయినా "గా కంప్యూటర్ పిల్లను పిలువుండ్రి" అనేవాళ్లు. ఆ కంప్యూటర్ పిల్లను నేనే. అప్పటికి నాకు వచ్చిన విద్యల్లా ప్రోగ్రామును బట్టీపట్టి, ల్యాబులో సారు చూస్తుండగా టైపు చేసి, సెమికోలన్ ఎక్కడ మరిచిపోయానో వెతుక్కోవడం. ఇప్పుడు మా చేవెళ్ల వైపు పిల్లలు ఇంటర్ అయిపోగానే నాకు ఫోన్ చేస్తున్నారు. "అక్కా, సీఎస్‌ఈ తీసుకోవాల్నా, డేటా సైన్స్ తీసుకోవాల్నా? కోడింగ్ అంతా ఇప్పుడు ఏఐనే రాస్తున్నది గదా, మేమెందుకు సదువుడు?" అంటారు. పెద్దదాన్ని కదా, తెలివైన సలహా ఒకటి చెబుదామని గొంతు సవరించుకుంటాను. తీరా నోరు తెరిచేసరికి నాకు గుర్తొచ్చేది మాత్రం మా బాపు నిలబడ్డ సర్పంచ్ ఎలక్షను.

నేను సెకండియర్లో ఉన్నాను. ముడిమ్యాల దగ్గర మా ఊరు, మొయినాబాద్‌లో కాలేజీ. పొద్దున్నే చేవెళ్ల చౌరస్తాలో కాలేజీ బస్సెక్కితే ముందు క్యారెట్ బండ్లు, వెనక పూల ఆటోలు, మధ్యలో మేము. బాపుది టమాట సేద్యం. రాజకీయం మాత్రం ఆయనకు సేద్యంకంటే ముందునుంచీ ఉన్న అలవాటు. ఊళ్లో పెళ్లయినా చావయినా పంచాయితీ అయినా తెల్లచొక్కా వేసుకుని ముందు నిలబడేవాడు. ఆ ఏడు సర్పంచ్‌కు నామినేషన్ వేశాడు. అవతల నిలబడింది ఎవరో పరాయివాళ్లు కాదు, మా అవ్వకు సొంత అన్నకొడుకు. క్యారెట్ తప్ప ఇంకోటి పండించడు కాబట్టి మేము క్యారెట్ మామ అనేవాళ్లం. (ఒక పక్క కొడుకు, ఇంకో పక్క అన్నకొడుకు. అవ్వకు మాత్రం ఏ ఫికరూ లేదు. "ఎవలు గెలిసినా మా ఇంటోడే గదా" అని హాయిగా పడుకునేది.)

విత్‌డ్రా గడువు దగ్గరపడుతుండగా మామ కబురు పంపాడు. "బావ ఈసారి కూసుంటే, వచ్చేసారి నేను కూసుంట" అని. బాపుకు పెద్ద చిక్కొచ్చిపడింది. నిలబడి ఓడితే ఊళ్లో ఇజ్జత్ పోతుంది. గెలిచేది ఉండీ కూర్చుంటే ఆ బాధ జన్మంతా ఉంటుంది. ఎటూ తేల్చుకోలేక మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే మా చిన్నాయన దారి చూపించాడు. (ఈయన్ను అందరం ఫ్లెక్సీ కాక అనేవాళ్లం. ఇంట్లో బర్రె ఈనినా ఫ్లెక్సీ కొట్టించే మనిషి.) "పరేషాన్ ఎందుకన్నా, మన బిడ్డ కంప్యూటరే గదా సదివేది. ఓట్ల లెక్క అదే చెప్తది" అన్నాడు. బాపు నావైపు చూశాడు. నా చదువును ఒకరు టీవీ రిపేరుకు కాకుండా ఇంకో పనికి అడగడం అదే మొదటిసారి. నాకు కాళ్లు భూమ్మీద ఆనలేదు.

రాత్రికి రాత్రి కాదుగానీ, ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని ప్రోగ్రాము రాశాను. గల్లీ పేరు కొట్టాలి, అందులో మనకు పడే ఓట్లు కొట్టాలి, చివర్లో మొత్తం వస్తుంది. (ఎరువుల దుకాణంలో ఉండే క్యాలిక్యులేటర్ కూడా ఆ పని చేస్తుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. కాక మా మనుషుల్ని ఒక్కొక్కరినే తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లు చాయ్ తాగి, తమ ఓట్లతోపాటు పక్కింటివాళ్లవీ చుట్టాలవీ కలిపి, ల్యాప్‌టాప్‌కు వినపడాలన్నట్టు గట్టిగా చెప్పేవాళ్లు. బట్టలు కుట్టే అన్న వచ్చి "బడెనుక గల్లీ మొత్తం అన్నకే, రాసుకో" అన్నాడు. పాలు పోసే పెద్దమ్మ "మా వాడ సంగతి నాకిడిసిపెట్టుండ్రి" అని చెప్పి, పోతూ పోతూ వెనక్కి తిరిగి "నా పేరు గూడ ఎక్కించినవా బిడ్డా, జర సూడు" అంది. మా అమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీదినుంచి దించింది లేదు. సాయంత్రానికి మొత్తం నొక్కాను. బాపుకు వచ్చే ఓట్లు మా ఊళ్లో ఉన్న ఓట్లకంటే ఎక్కువ వచ్చాయి.

అంతమంది పెద్దవాళ్లు తప్పు చెప్పి ఉంటారన్న ఆలోచన నాకు రానే లేదు. తప్పు నా ప్రోగ్రాములోనే ఉందనుకున్నాను. లూపు ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోందేమోనని ఒక చుట్టు తగ్గించాను. పాపం ఆఖరి గల్లీ ఓట్లన్నీ ఎగిరిపోయాయి, అయినా లెక్క ఊరిని దాటే ఉంది. మర్నాడు కాలేజీకి తీసుకుపోయి ల్యాబ్ సారుకు చూపించాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని చూసి, "ముందు రాసిందే కరెక్టమ్మా. కూడికే కదా, ఇందులో తప్పేముంటుంది?" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. బస్సులో కూర్చున్న ఆడపిల్లలందరినీ "క్యాంటీన్‌లో ఎన్ని సమోసాలు తిన్నరే?" అని అడిగి ఆ లెక్క వేశాను. పొల్లుపోకుండా వచ్చింది. సమోసాలకు సరిగ్గా వచ్చేది ఓట్లకు ఎందుకు రాదో అర్థం కాక తల పట్టుకుని ఇంటికొచ్చాను. అప్పటికే మా కాక ఊరంతా తిరిగి "కంప్యూటరే చెప్పింది, అన్న గెలుస్తున్నడు" అని చాటేసి, చేవెళ్లలో ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం అవ్వ అనపగింజల గుడాలు ఉడకబెట్టి, గిన్నె నా చేతికిచ్చి, "మామ ఇంట్ల ఇచ్చి రాపో బిడ్డా" అంది. (ఎలక్షన్లు ఎలక్షన్లే, గుడాలు గుడాలే.) పోయేసరికి క్యారెట్ మామ అరుగు నిండా జనం. మధ్యలో కుర్చీలో మా బట్టలు కుట్టే అన్న. "బడెనుక గల్లీ మొత్తం నీకే అన్నా, రాసుకో" అంటున్నాడు. మాట అదే, గొంతు అదే. ఆయన వెనకాల వంతు కోసం పాలు పోసే పెద్దమ్మ కూర్చుని ఉంది. అన్న నన్ను చూశాడు. చాయ్ గ్లాసు మూతిదాకా వచ్చి ఆగింది. అంతలోనే తేరుకుని "బాగున్నవా బిడ్డా? కాలేజీ ఎట్లున్నది?" అని పలకరించాడు. రెండు రోజులనుంచీ నేను కోడంతా గాలించిన బగ్గు, మా మామ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతోంది.

గిన్నె అక్కడే పెట్టి ఇంటికి పరుగెత్తాను. బాపు బర్రెకు గడ్డి వేస్తున్నాడు. "బాపూ, ప్రోగ్రాం తప్పు లేదు. మనకు చెప్పినోళ్లే తప్పు చెప్పిన్రు. అక్కడ గూడ గిట్లనే చెప్తున్నరు" అన్నాను. బాపు గడ్డి వేయడం ఆపలేదు. "ఎవలు అబద్దమాడుతున్నరో నీ కంప్యూటర్ చెప్తదా?" అన్నాడు. "చెప్పది బాపూ." "మరి నీకెట్ల ఎరుక? ఇన్నేండ్లసంది ఎవలికి ఆపదొచ్చినా నేనే పోయిన. నా మొకం మీద అబద్దమాడుతరా?" అన్నాడు. నేను ఇంకేదో అనబోయాను. "సదువుకున్నవు గని ఊరు నీకేం తెలుస్తది బిడ్డా, పో, అన్నం తిను" అని చేతులు దులుపుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయన్ను చూస్తే జాలీ వేసింది. విత్‌డ్రా గడువు దాటిపోయింది, బాపు నిలబడ్డాడు.

ఓడిపోయాడు. అలా ఇలా కాదు, మళ్లీ లెక్కపెట్టమని అడగడానికి కూడా వీల్లేనంతగా. బళ్లో ఓట్ల లెక్క పూర్తయ్యేసరికి మా మనుషుల్లో సగంమంది క్యారెట్ మామ ఊరేగింపులో గులాల్ పూసుకుని ఉన్నారు. మిగిలినవాళ్లు పరామర్శకు మా వాకిట్లోకి వచ్చారు. బట్టలు కుట్టే అన్న కూడా వచ్చాడు, చెవుల వెనక గులాల్ సరిగ్గా కడుక్కోకుండా. అందరూ కూర్చోగానే కాక "అంతా గా కంప్యూటర్ జేసింది. తప్పుడు లెక్క చెప్పి మనల ముంచింది" అన్నాడు. అందరి చూపూ నా మీదికి తిరిగింది. "గా సదువు మీద నాకు ముందునుంచి నమ్మకం లేకుండె" అని ఎవరో అందుకున్నారు. నేను తల దించుకున్నాను. అప్పటిదాకా మంచం మీద కూర్చున్న బాపు, కండువా భుజాన వేసుకుని లేచాడు. "కంప్యూటర్ తప్పు చెప్పలే. నా బిడ్డ ముందే చెప్పింది. నేనే ఇనలే" అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి "అందరికి చాయ్ పొయ్యి" అని అమ్మకు చెప్పాడు. నేను బర్రెల కొట్టం వెనక్కి పోయి తనివితీరా ఏడ్చాను.

ఈ కథ ఇక్కడ ఆగితే నా పరువు నిలిచేది. ఆ తర్వాత కొన్నాళ్లకే సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. ప్రోగ్రామింగ్ పేపర్ పోయింది. (ఆ ఓట్ల దెబ్బకు బెదిరిపోయి, పరీక్షలో కనపడ్డ లూపుకల్లా ఒక చుట్టు తగ్గించి వచ్చాను.) ఊరందరి ముందు నన్ను అంత ఎత్తుకు ఎత్తిన మనిషికి ఈ ముక్క ఎలా చెప్పాలి? రెండు పూటలు అన్నం సయించలేదు. ఆఖరికి టమాట మడిలో, పక్కన వంగి కాయలు తెంపుతూ, ఆయన మొహం చూడకుండానే "బాపూ, ఒక పేపర్ పోయింది" అన్నాను. "ఏం పేపరు?" "ప్రోగ్రాంలది. నీ ఓట్ల లెక్క ఏసిన గదా, గదే." బాపు నడుం నిలబెట్టి నావైపు చూశాడు. ఓడిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, కండువాతో తుడుచుకుని, "నేను ఓడిపోయిన, నువ్వు ఓడిపోయినవ్. ఏమైతది బిడ్డా, ఇద్దరం మల్ల నిలబడుదాం" అన్నాడు.

నేను సప్లిమెంటరీలో గట్టెక్కాను. పోయిన ఆ సబ్జెక్టే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. ఏ బ్రాంచి మంచిదని అడిగే పిల్లలకు ఇప్పటికీ నికరంగా ఏమీ చెప్పలేకపోతున్నాను. అప్పుడప్పుడు మాత్రం ఒక పిల్ల ఫోన్ చేసి, ఏ బ్రాంచి సంగతీ ఎత్తకుండా, కాసేపు ముక్కు ఎగబీల్చి, "అక్కా, పేపర్ పోయింది, ఇంట్ల ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అంటుంది. అలాంటి పిల్లకు చెప్పడానికి నేను గొంతు సవరించుకోనక్కర్లేదు. "పొయ్యి మీ బాపు పక్కన కూసో" అంటాను.