మూర్తి గారి మెషీన్‌లో నేను మార్చిన అంకె

తొమ్మిదేళ్లుగా ఈ మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మా ఆవిడకి చెప్పలేదు. ఎవరి పేరు పాడుచేశానో అతనికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది.

రాజమండ్రిలో నాకు కంప్యూటర్ల షాపుంది. ఇప్పుడు ప్రింటర్లు, సీసీ కెమెరాలే ఎక్కువ. అప్పట్లో పెద్ద పెద్ద గేమింగ్ మెషీన్లు చేసి ఇచ్చేవాళ్లం. ఇచ్చేవాళ్లం అంటున్నాను గానీ, చేసేది వీర్రాజు. నా వయసువాడే. సముద్రం పక్క ఊరు, చేపలు పట్టే కుటుంబం. పాలిటెక్నిక్ చదివి నా దగ్గర చేరాడు. మాకు పొలాలున్నాయి, షాపు నా పేరున ఉంది. పని మాత్రం అతని చేతుల్లో ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియడం నాకు అంత నచ్చేది కాదేమో కూడా.

నిడదవోలు నుంచి మూర్తి గారని రిటైరైన లెక్చరర్ ఒకాయన వచ్చారు. భార్య పోయి ఏడాది. ఆ ఏడాదిలో ఆయనకి కార్ల రేసు గేములు అలవాటయ్యాయి. పక్కపక్కన మూడు స్క్రీన్లు, ముందు స్టీరింగు, లోపల బొమ్మలు గీసి పంపే గ్రాఫిక్స్ కార్డులు రెండు కావాలన్నారు. కారు నడుపుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి గుర్తుండదండీ అని, చెప్పినందుకు తనే కొంచెం సిగ్గుపడ్డారు.

ప్రాసెసర్ ఏది వేయాలో నేను చెప్పాను. ఇంకా పెద్దది కావాలని వీర్రాజు అన్నాడు. ఇది చాలు, నాకు తెలుసులే అని మూర్తి గారి ముందే అన్నాను. తీరా బిగించాక రేసు కుదుపులు కుదుపులుగా నడిచింది. ఖరీదైన రెండు కార్డులూ సగం ఖాళీగా కూర్చున్నాయి. రేవుకి రెండు బోట్లు ఒకేసారి సరుకు తెచ్చినా కాటా వేసేవాడు ఒక్కడే అయితే ఏం లాభం అని వీర్రాజు నాకు వివరించాడు. ప్రాసెసర్ మార్చాలన్నాడు. డీలరు వెనక్కి తీసుకునేవాడే. కానీ నేను చెప్పింది తప్పని మూర్తి గారి ముందు ఒప్పుకోవాలి. అంతే. నాకు అడ్డం వచ్చింది అదొక్కటే.

దాంతో ఓవర్‌క్లాక్ చేద్దామన్నాను. అంటే కంపెనీవాడు పెట్టిన వేగాన్ని దాటించి ప్రాసెసర్‌ని పరిగెత్తించడం. జాగ్రత్తగా చేస్తే తప్పేం కాదు. వీర్రాజు జాగ్రత్తగానే చేశాడు. కొంచెం కొంచెం పెంచుతూ రోజంతా పరీక్షించాడు. ఒక చోట తప్పులు రావడం మొదలయ్యాయి. అక్కణ్ణించి వెనక్కి తగ్గించి, ఇంతకంటే వద్దన్నాడు. మెషీన్ ఆగిపోతే పర్లేదు, తెలుస్తుంది, ఆగకుండా తప్పులు రాసుకుంటూ పోతేనే ఎవరికీ తెలీదు అన్నాడు. నాకు ఇంకా కుదుపులే కనిపిస్తున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్లాడు. మూడింటికి మూర్తి గారు వస్తారు. నేను సెట్టింగులు తెరిచి వీర్రాజు తగ్గించి పెట్టిన వేగం అంకె పెంచాను. వోల్టేజీ కూడా పెంచాను. రేసు హాయిగా సాగింది. నా మనసు కుదుటపడింది. తర్వాత, అదే వేగం మీద, ఆయన మార్పిడి కింద ఇచ్చిన పాత కంప్యూటర్లోని ఫైళ్లన్నీ ఇందులోకి కాపీ చేశాను. పాత డిస్కు చెరిపేశాను. ఆయన భార్య పిల్లలకి సంగీతం చెప్పేవారట. ఆవిడ పాడినవన్నీ ఆయన ఏళ్ల తరబడి రికార్డు చేసి ఆ ఫైళ్లలోనే పెట్టుకున్నారు. నాకు తెలీక చేశానని అనడానికి లేదు. ఆయనే చెప్పారు. ఒకసారి తెరిచి వినాలని కూడా నాకు తోచలేదు.

ఎండలు ముదిరాక మూర్తి గారు మెషీన్ కార్లో పెట్టుకుని వచ్చారు. మాటిమాటికీ ఆగిపోతోందట. ఆయన బాధ అది కాదు. ఒక పాట పెట్టి వినిపించారు. రెండు చరణాలు ఆవిడ గొంతు. ఆ తర్వాత గుడ్డ చించినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. చాలా పాటలు అలాగే ఉన్నాయి. కొన్ని అసలు తెరుచుకోలేదు. ఇంకో కాపీ లేదు. ఆయన గట్టిగా మాట్లాడలేదు.

"దీన్ని ఎవరు సెట్ చేశారండీ?" అన్నారు.

"పనంతా మా వీర్రాజేనండి," అన్నాను.

అప్పటికే వీర్రాజు సెట్టింగులు తెరిచాడు. ఆ అంకె చూశాడు. నన్ను చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. నేను అబద్ధం ఆడానా? పని అతనే చేశాడు కదా? ఎన్నేళ్లు ఈ ప్రశ్నని అటూ ఇటూ తిప్పానో, ఎప్పుడు తిప్పినా అడుగున నేనే కనిపిస్తాను.

చేతకాకపోతే చెప్పాల్సింది బాబూ అని మాత్రం అన్నారు మూర్తి గారు. వీర్రాజు క్షమించమన్నాడు. ఎందుకన్నాడు? నా పరువు కోసమా? నా మాట ముందు తన మాట ఎవరూ నమ్మరని తెలిసా?

ఆయన వెళ్లాక అతను చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"నేను తగ్గించే పెట్టానండి. మీకు తెలుసు."

"పెద్దాయన, బాధలో ఉన్నారు. ఎవరో ఒకరి మీద పోవాలి కదా. వదిలెయ్ వీర్రాజు."

"నా మీదే ఎందుకు పోవాలండి?"

నేను బిల్లు పుస్తకం తెరిచాను. అతను తన స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కబురు మిగతా షాపులకీ పాకింది. ఎవరూ అతన్ని పన్లోకి తీసుకోలేదు. ఒక రోజు టీ కొట్టు దగ్గర ఒకాయన, వలలు లాగే చేతులకి ఇలాంటి పనులెందుకండీ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫైళ్లు పాడుచేసింది తొందరపాటు అనుకోవచ్చు. ఆ నవ్వుని ఏమనుకోను?

రెండేళ్ల క్రితం యానాం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో అతన్ని చూశాను. అక్కడ మా చుట్టాలింట్లో ఫంక్షన్ కోసం ఐసుకి వెళ్లాను. భుజం మీద తడి గోనెసంచి, దాని మీద ఐసు దిమ్మ. ముందు తనే పలకరించాడు. బాగున్నారా అండీ అన్నాడు. ఇప్పుడూ రెండేసి కార్డులు పెడుతున్నారా అని అడిగాడు. ఇప్పుడెవరూ పెట్టుకోవడం లేదు, ఒకటే సరిపోతోంది అన్నాను. అవునా అండీ అని ఆసక్తిగా విన్నాడు. అతని ముఖంలో కోపం వెతికాను. ఉంటే మాట మొదలుపెట్టడం తేలికయ్యేదేమో. లేదు. లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. ఐసు కరిగిపోతోందని నేనూ వచ్చేశాను.

మూర్తి గారు కిందటి చలికాలంలో పోయారు. ఆయన చివరిదాకా వీర్రాజే చేశాడనుకుని ఉంటారు. అది ఇంక నేను మార్చలేను. వీర్రాజు ఉన్నాడు, దారీ తెలుసు, రెండు గంటల ప్రయాణం. అయినా వెళ్లలేదు. రేపు వెళతానని మీకు మాటిచ్చేంత నమ్మకం నా మీద నాకు లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

ఆ మధ్యాహ్నం ఆ వేగం పెంచింది నేను. వీర్రాజు కాదు. ఈ రెండు ముక్కలు తొమ్మిదేళ్లలో మొదటిసారి రాశాను. ఏమీ బాగుపడలేదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.