దొంతిగుండుకు జరం

రాయికి జరమొచ్చిందని చెప్పినందుకు లతీఫ్ చాచాను పోలీసులు పొద్దంతా ఠాణాలో నేలమీద కూర్చోబెట్టారు. గుట్ట కింద గుప్తనిధుల కోసం తవ్వుతున్నాడని ఎవరో ఫోన్ చేశారట. పోలీసులు అక్కడికి పోయేసరికి ఆయన రాతికి స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకొని ఉన్నాడు. చేతిలో పార లేదు, గడ్డపార లేదు. అయినా జీపెక్కించారు.

“రాతికాడ ఏం చేస్తున్నవ్?”

“నాడి చూస్తున్న సార్.”

“ఎవరిది?”

“దానిదే సార్. రాత్రి నుంచి జరం.”

ఎస్సైకి నవ్వు రాలేదు. మన దగ్గర అబద్ధం నమ్మేటట్టు చెప్పేవాడికి కుర్చీ వేస్తారు, నమ్మలేనట్టు చెప్పేవాడిని నేలమీద కూర్చోబెడతారు. ఒక్క నిజం చెబితే ఆయనను అప్పుడే వదిలేసేవాళ్లు. ఆయన చెప్పలేదు.

చాచా తీరే అంత. మనుషులకొచ్చే రోగాలన్నీ ఆయన లెక్కలో రాళ్లకూ వస్తాయి. కోరుట్లలో ఒక డాక్టరు దగ్గర ఏండ్లకేండ్లు కంపౌండరుగా పనిచేశాడు. డాక్టరు చనిపోయి దవాఖాన మూతపడ్డాక, రబ్బరు పగిలిన స్టెతస్కోపొకటి ఆయన మెడలో మిగిలింది. దానితోనే వచ్చి, కోరుట్ల నుంచి రుద్రంగి పోయే తోవలో, దొంతిగుండు కింద చాయ్ బండి పెట్టుకున్నాడు. దొంతిగుండంటే కుండలు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలబడ్డ రాళ్లగుట్ట. మేము ఎక్కేది దాన్నే.

మేమంటే నేను, జగిత్యాల అరుణ్, ఇంకో ఇద్దరు ముగ్గురు. నాది సిరిసిల్ల. మా నాయిన మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. నేను డిగ్రీ చదివి, నౌకరీ లేక, రాళ్లెక్కుతాను. నడుముకు తాడు కట్టుకొని, నున్నటి బండమీద వేలికొసలు దూరేంత పగులు వెతుక్కుంటున్నంత సేపు ‘ఇప్పుడేం చేస్తున్నవ్’ అని ఎవరూ అడగరు. అంతకన్నా సుఖం నాకు ఈ రెండు జిల్లాల్లో దొరకలేదు. ఎండాకాలం ఆ బండ పెనంలా కాలుతుంది కాబట్టి ఎక్కితే చలికాలమే ఎక్కాలి. సరిగ్గా చలికాలమే దానికి రోగాలు మొదలయ్యేవి.

“చాచా, తూర్పు పక్క ఎక్కుతం.”

“వద్దు బేటా. కామెర్లయినయ్. పచ్చగ కనవడ్తలేదా?”

“అది నాచు చాచా.”

“నువ్వు డాక్టర్‌వా?”

తర్వాతి వారం బీపీ. ఆ తర్వాత ఆపరేషను.

“ఆపరేషనా? రాయికి ఎవలు చేసిండ్రు?” అన్నాడు అరుణ్, పళ్లు కొరుకుతూ.

“హైదరాబాద్ పెద్ద డాక్టర్. నీకు తెల్వదు. కుట్లు ఇంక పచ్చిగున్నయ్, పోయి ఆడ కూసో.”

పొయ్యి దగ్గర నుంచి చాచా భార్య, మా అక్తర్ బేగం చాచి, మాట అందుకునేది. “నాకు మోకాళ్లు గుంజుతున్నయని ఏడాది నుంచి మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న చెయ్యి పట్టి చూసిండా? బండకైతే పూటపూటకు చూస్తడు. నేను బండనై పుడితే బాగుండు!”

“నీది పాత నొప్పి బేగం. దానిది పానం మీదికచ్చింది.”

విచిత్రమేమంటే పడమటి పక్కకు ఎన్నడూ తుమ్ము కూడా వచ్చేది కాదు. “అటు ఎక్కుండ్రి, అది పైల్వాన్” అనేవాడు. ఒక రాయికి ఒకవైపే రోగమేంటని అరుణ్ నిలదీస్తే చాచా తల గోక్కుని, “పక్షవాతం” అన్నాడు.

ఒక చలికాలం తూర్పు పక్క మొదట్లో వేపమండలు గుచ్చి కనిపించాయి. రాయికి తల్లి పోసిందట, అమ్మవారన్నమాట. గొర్లు మేపే లసుమవ్వ నిజమే అనుకొని పసుపునీళ్లు తెచ్చి చల్లింది, ఊరంతా చెప్పింది. ఆ నెలంతా కట్టెలేరుకునేవాళ్లు, సీసాలు పగలగొట్టేవాళ్లు, పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు, ఎవరూ అటు తొక్కలేదు.

“చాచా, గీ తల్లి సంగతి నీకెట్ల తెలుసు?”

“దవాఖానల అందరిని చూసిన. రోగం మనిషి పేరడిగి అస్తదా?”

ఆయనకు పిచ్చని అరుణ్ తీర్మానించాడు. నేనూ దాదాపు అదే అనుకునేవాణ్ని, ఒక సాయంత్రం పడమటి పక్క నుంచి పైదాకా ఎక్కి, తూర్పు అంచున బోర్లా పడుకొని తొంగిచూసేదాకా. కింద అరుగులాంటి రాతిమీద నుంచి రెండు నారింజరంగు కళ్లు నన్నే చూస్తున్నాయి. గుడ్లగూబ. పక్కన దూదిపింజల్లాంటి పిల్లలు. అందులో ఒక పింజ నన్ను చూసి నోరు తెరిచి బుస్సుమంది.

గుడ్లగూబ గూడని తెలిస్తే చాలు. అరిష్టమని రాళ్లు విసిరేవాళ్లు కొందరు, నిధి దొరుకుతుందని బలిచ్చేవాళ్లు కొందరు. ఠాణాలో చాచా మింగేసిన నిజం అదే.

దిగి వచ్చాక ఆయన చాయ్ గ్లాసు చేతికిస్తూ నా మొహం చూశాడు.

“ఏం చూసినవ్?”

“ఏం లేదు చాచా. తల్లి పోసింది. అటు పోవద్దు.”

ఆయన నా చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశాడు.

ఒక పక్క వాటికి, ఒక పక్క మాకు. పిల్లలు ఎగిరిపోయాక రాయి దానంతటదే కోలుకునేది. అప్పుడు చాచా “ఇగ రెండు దిక్కులా ఎక్కుండ్రి!” అని కేకేసేవాడు. అప్పటికి ఎండకు బండమీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. అయినా అంత న్యాయమైన పంపకం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

అరుణ్‌కు చెబుదామంటే చాచా వద్దన్నాడు. “పోరడు మంచోడే. వాని ఫోన్లనే ఊరంత మంది ఉన్నరు.”

ఏమీ తెలియని అరుణ్ విసుగొచ్చి ఒక ఆఫీసులో అర్జీ పెట్టాడు, గుట్ట ఎక్కడానికి చాయ్ బండి ముసలాయన అడ్డం పడుతున్నాడని. ఆఫీసువాళ్లు వచ్చారు. ఎక్కేవాళ్లేమో అడుగుతున్నారు, ముసలాయనేమో వద్దంటున్నాడు, ఎందుకొచ్చిన గొడవని ఒక బోర్డు పాతారు: ‘గుట్ట ఎక్కుట నిషేధం’. అన్ని పక్కలా, అన్ని కాలాలూ. చాయ్ బండి కూడా తీయించారు. అరుణ్ తల పట్టుకొని కూర్చున్నాడు.

చాచా బోర్డు చదివాడు. “ఒక్క పక్కకు పక్షవాతమని చెప్తే, మొత్తం మనిషిని బొందపెట్టిండ్రు గదరా” అన్నాడు.

మనుషుల అలికిడి పోయింది. చూసే కన్ను లేని గుట్టకు మరుసటేడు రాళ్లు పెళ్లగించే ప్రొక్లైనర్ వచ్చింది. గ్రానైట్ లీజట. నేను ఉరికిపోయి సూపర్‌వైజర్‌ను అడిగాను.

“అన్నా, బోర్డు చూడలేదా?”

“చూసిన తమ్మీ. ఎక్కద్దని ఉన్నది. మేం ఎక్కుతలేం గదా, కిందినుంచి పలగ్గొడుతున్నం.”

బోర్డు దెబ్బతినకుండా జాగ్రత్తగా పీకి పక్కన పాతారు కూడా. మేం అర్జీలు పెట్టాం. అన్ని ఆఫీసుల్లోనూ మర్యాదగానే తీసుకున్నారు. ముందు తూర్పు పక్కే పోయింది. నేను చదివిన పుస్తకాలన్నీ కలిసి ఒక్క డ్రిల్లును ఆపలేకపోయాయి. గుడ్లగూబలు ఎటు పోయాయో తెలియలేదు. చాచా కూడా ఎటు పోయాడో తెలియలేదు.

మొన్న చలికాలం గంభీరావుపేట దాటాక, తోవ పక్కన ఆ బండి కనిపించింది. చాచి నన్ను చూసి గరిటె ఊపింది.

“అచ్చినవా బేటా! మీ చాచా ఊరూరా గుట్టలు పట్టుకొని తిరిగి తిరిగి, మల్ల దవాఖాన తెరిచిండు. నా మోకాళ్లు మాత్రం గట్లనే ఉన్నయ్.”

వెనకాల గుట్ట దగ్గర ఆయన రాతికి స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకొని ఉన్నాడు. నేను మెల్లగా దగ్గరికి పోయాను. ఈ రాయికి ఆరోగ్యం బాగానే ఉందంటాడేమోనని భయం.

“చాచా, ఎట్లున్నది?”

ఆయన కళ్లు తెరిచాడు. ముఖమంతా నవ్వు.

“అల్లా దయ బేటా, దీనికి గూడ పక్షవాతమే! ఎడమ పక్క ముట్టకు. కుడి పక్క నీది, ఎక్కు.”